నా మీద జరిగిన వాకబు

డాలస్‌లో ఒక డిటెక్టివ్ కంపెనీలో చేరుతున్నానని ఫోన్లో చెబితే మా నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పెళ్లి సంబంధాలకి వాకబు చేస్తారే, అట్లాంటి వాళ్లా?" అన్నాడు.

కాదన్నాను. కాదని చెప్పడం తేలికే. మరేమిటో చెప్పడానికి అరగంట పట్టింది. విడాకుల కేసులు, ఉద్యోగం మానేస్తూ కంపెనీ ఫైళ్లు పట్టుకుపోయిన కేసులు, అన్నదమ్ముల ఆస్తి తగాదాలు. ఇలాంటివాటిలో లాయర్లు ఫోన్లూ లాప్‌టాప్‌లూ మా ఆఫీసుకి పంపిస్తారు. వాటిలో ఏముంది, ఏం చెరిపేశారు, ఏ తేదీన చెరిపేశారు అన్నది కోర్టు ఒప్పుకునే పద్ధతిలో బయటికి తీసి రిపోర్టు ఇవ్వాలి.

"అది కంప్యూటర్ పనేగదరా. డిటెక్టివ్ అని పేరెందుకు?" అన్నాడు నాన్న.

ఇంటర్వ్యూలో నేనడిగిందీ అదే. మా ఓనర్ పాతికేళ్లు పోలీసు శాఖలో చేసి రిటైరైన మనిషి. బల్ల మీదున్న కాగితాల్లోంచి చట్టం కాపీ తీసి నా ముందు పెట్టాడు. టెక్సస్ ఆక్యుపేషన్స్ కోడ్, 1702వ అధ్యాయం. సెక్యూరిటీ గార్డుల నుంచి డిటెక్టివ్‌ల దాకా ఆ రాష్ట్రంలో అందరూ దాని కిందికే వస్తారు. 2007లో దానికొక సవరణ చేశారు. జనానికి బాహాటంగా దొరకని కంప్యూటర్ డేటాను పరిశీలించి సమాచారం రాబట్టినా అది దర్యాప్తు కంపెనీ పనే అని ఆ సవరణ చెబుతుంది. అప్పట్లో కంప్యూటర్ రిపేరు షాపులవాళ్లు, వైరస్ తీయడానికి కూడా డిటెక్టివ్ లైసెన్స్ కావాలా అని హడలిపోయి 2008లో కోర్టుకి కూడా వెళ్లారట. మాది రిపేరు కాదు, సాక్ష్యం తీసే పని. కాబట్టి కంపెనీకి ఒక లైసెన్స్, అందులో ఈ పని చేసే ప్రతి మనిషికీ విడిగా ఇంకొకటి. ఇచ్చేది డీపీఎస్, అంటే మనకి డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చే శాఖే, హైవే మీద మనల్ని ఆపే ట్రూపర్ల శాఖే.

"అది వచ్చేదాకా ఏ డివైజూ ముట్టుకోవద్దు," అన్నాడు ఓనర్. అది ఆయన రూలు. "కేబుళ్లకి లేబుళ్లు అంటించు. మా పద్ధతుల ఫైలు చదువు."

మన దగ్గర ఈ తంతు లేదు. సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకి 2005 నాటి చట్టం ఉంది, గార్డుని పెట్టుకోవాలంటే పోలీసు వెరిఫికేషన్ ఉంది. డిటెక్టివ్ ఏజెన్సీల కోసం 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. హైదరాబాద్‌లో సంబంధాల వాకబు చేసేవాళ్ల గురించి ముందుగా వాకబు చేసేవాళ్లు ఎవరూ లేరన్నమాట. నేను ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చిందీ ఆ 2007లోనే. ఆ సంవత్సరం తర్వాత మళ్లీ నా ముందుకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

దీనికి ముందు సంగతి కొంచెం చెప్పాలి. 2023లో మా టీము మొత్తాన్ని ఒక పొద్దున అరగంట వీడియో కాల్‌లో తీసేశారు. పద్నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఆ అరగంటతో సరి. గ్రీన్ కార్డు అంతకు ముందు సంవత్సరమే వచ్చింది కాబట్టి దేశం వదిలి వెళ్లాల్సిన టెన్షన్ లేదు, ఇంటి లోను టెన్షన్ మాత్రం ఉంది. ఎనిమిది నెలలు ఒక స్నేహితుడి ఇండియన్ గ్రోసరీలో పనిచేశాను. బియ్యం సంచులు మోయడం, ఫ్రీజర్‌లో పరోటా పెట్టెలు సర్దడం, అట్టపెట్టెలు చీల్చి చదును చేసి వెనకాల పడేయడం, రాత్రి బ్లీచ్ నీళ్లతో కౌంటర్లు తుడవడం. ఖాళీ దొరికిన రాత్రుళ్లు డిజిటల్ ఫోరెన్సిక్స్ కోర్సు చేశాను. ఆ కోర్సు వల్లే ఈ ఉద్యోగం వచ్చింది.

అప్లికేషన్ అంతా ఆన్‌లైన్‌లోనే. టాప్స్ అని డీపీఎస్ వాళ్ల సైటు ఉంది. కంపెనీ నన్ను తన కింద చేర్చుకోవాలి, నేను నా వివరాలు నింపాలి, ఫీజు కట్టాలి. గంటలో అయిపోతుందనుకుని కూర్చున్నాను. పేరు దగ్గరే గంట గడిచింది.

మీకు ఇంతకుముందు ఉన్న ఇతర పేర్లు రాయండి, అని ఉంది. అలియాస్‌లు. ఈ మాట నేను పేపర్లో దొంగలు పట్టుబడ్డప్పుడు చదవడమే. నాకెన్ని అలియాస్‌లు ఉన్నాయో లెక్కపెడితే ఐదు తేలాయి. నా మొదటి పాస్‌పోర్టు తీసిన ఏజెంటు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాయించాడు. వీసా వేసేటప్పుడు ఆ పేరంతా ఇంటిపేరైపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. దిగిన మొదటి రెండేళ్లు నా డ్రైవింగ్ లైసెన్స్ మీద నా పేరు అదే. బ్యాంకులో పిల్ల "మిస్టర్ ఫ్నూ" అని పిలిస్తే లేచి వెళ్లేవాణ్ని. తర్వాత పాస్‌పోర్టు మార్పించాక ఒక పేరు. స్కూలు సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంతో ఇంకొకటి. ఆఫీసుల్లో నోరు తిరక్క వాళ్లు కుదించుకున్నది మరొకటి. మొత్తం పేరు పట్టక సగంలో తెగిపోయిన క్రెడిట్ కార్డు పేరు ఐదోది. అన్నిట్లోనూ వెంకట మాత్రం ఉంది. ఎవరి పేరులో లేడు వెంకట!

తర్వాత పుట్టినరోజు. జూన్ 1. మా అమ్మ లెక్కలో నేను దీపావళికి నాలుగు రోజుల ముందు పుట్టాను. బళ్లో వేసిన రోజు హెడ్మాస్టరు గారు వయసు కలవాలని జూన్ 1 రాసేశారు. మా క్లాసులో సగం మంది ఆ రోజే పుట్టాం. చట్టం దృష్టిలో నా పుట్టినరోజు అదే కాబట్టి అదే రాశాను. రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగాను, అంతే.

కేసులున్నాయా అన్న ప్రశ్నకి లేవని టిక్కు పెట్టాను. స్పీడింగ్ టికెట్లు రెండున్నాయి, అవి టెక్సస్‌లో అన్నిటికన్నా చిన్న నేరాలైన క్లాస్ సి కిందికి వస్తాయి, ఈ లైసెన్స్‌కి అడ్డం కావు. వాళ్లు చూసేది అంతకు పైవి: క్లాస్ బి, క్లాస్ ఎ, ఫెలనీలనే పెద్ద నేరాలు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది మనవాళ్లు చాలామంది పొరబడే చోటు. చదువుకునే రోజుల్లో స్టోర్‌లో ఏదో తీసి పట్టుబడి, లాయరు పెట్టుకుని కేసు డిస్మిస్ చేయించుకుని, ఇక అది లేనట్టే అనుకుంటారు. టెక్సస్‌లో 100 డాలర్లు దాటిన దొంగతనం క్లాస్ బి. కేసు కొట్టేసినా అరెస్టు రికార్డు దానంతటది చెరిగిపోదు, ఎక్స్‌పంక్షన్ అని విడిగా కోర్టు ఆర్డరు తెచ్చుకోవాలి. వేలిముద్రలు వేసిన రోజున అది బయటికొస్తుంది. అనుమానం ఉన్నవాళ్లు ముందుగానే ఎఫ్‌బీఐకి 18 డాలర్లు కట్టి తమ రికార్డు తామే తెప్పించుకుని చూసుకోవచ్చు. లేదని రాసి ఉన్నట్టు తేలితే, అసలు కేసు కన్నా ఆ అబద్ధం పెద్ద కేసు అవుతుంది.

వేలిముద్రలు తీసేది డీపీఎస్ ఆఫీసులో కాదు. ఆ పని రాష్ట్రం ఐడెంటోగో అనే సంస్థకి అప్పజెప్పింది. డీపీఎస్ ఇచ్చిన సర్వీస్ కోడ్ కొట్టి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, 40 డాలర్ల దాకా అవుతుంది. ఈ కోడ్ తప్పుగా కొడితే ముద్రలు ఇంకో లైసెన్స్ కింద వెళ్లిపోతాయని ఆఫీసు చూసుకునే ఆవిడ మూడుసార్లు హెచ్చరించింది. నర్సులూ టీచర్లూ కూడా అక్కడే వేస్తారు మరి.

నాకు లోపల విసుగు లేకపోలేదు. వీసాకి పది వేళ్లూ ఇచ్చాను. ఇక్కడ దిగినప్పుడల్లా ఎయిర్‌పోర్టులో ఇచ్చాను. గ్రీన్ కార్డుకి ఇచ్చాను, సెలవుకి వెళ్లినప్పుడు ఆధార్‌కి ఇచ్చాను. ఇన్నిచోట్ల ఉన్నవి చాలవా? చాలవట. ఎఫ్‌బీఐ దగ్గరున్న నేర చరిత్రని రాష్ట్రాలు లైసెన్సుల కోసం అడగడానికి 1972 నాటి ఒక ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది, ఏ పనికి అడిగితే ఆ పనికే వాడాలి. ఒకదానికిచ్చిన వేలు ఇంకోదానికి పనికిరాదు. ఈ రూలు మీద మాత్రం నాకు గౌరవం కలిగింది.

స్ట్రిప్ మాల్‌లో, టాక్స్ ఆఫీసుకీ డోనట్ షాపుకీ మధ్య చిన్న గది. లోపల ఒక అమ్మాయి, ఒక కంప్యూటర్, గాజుపలక ఉన్న చిన్న డబ్బా. ముందు కుడిచేతి నాలుగు వేళ్లు, తర్వాత ఎడమచేతివి, తర్వాత రెండు బొటనవేళ్లు కలిపి. ఆ తర్వాత ఒక్కో వేలూ ఈ గోరంచు నుంచి ఆ గోరంచు దాకా దొర్లించాలి. "మీరు తిప్పకండి సార్. చెయ్యి నాకు వదిలేయండి," అంది. వదిలేయడం అంత తేలిక కాదు. చిన్నప్పుడు పలక మీద మాస్టారు చెయ్యి పట్టి దిద్దించాక నా చెయ్యి ఇంకొకరికి ఇవ్వడం మళ్లీ ఇదే.

కుడి చూపుడువేలు నాలుగుసార్లు దొర్లించింది. స్క్రీన్ మీద నా వేలు ఎండిన చెరువులా ఉంది, గీతలు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చలు. స్పిరిట్ అద్దిన కాగితంతో తుడిచింది. కార్న్ హస్కర్స్ అని ఒక లోషన్ సీసా తీసి రాసింది. పేరు చూస్తే తెలుస్తుంది, మొక్కజొన్న పొత్తులు ఒలిచి చేతులు పగిలిన రైతుల కోసం పుట్టిన లోషన్ అది. వేలిముద్రలు తీసేవాళ్ల దగ్గర ఇప్పటికీ ఉంటుంది.

"ఏం పని చేస్తారు మీరు?"

"కంప్యూటర్ పని."

ఆ అమ్మాయి నా వేళ్ల వంక చూసింది, నా వంక చూసింది, ఏమీ అనలేదు. అట్టపెట్టెలు చేతి వేళ్లని గరుక్కాగితంలా అరగదీస్తాయని, గోదాముల్లో పనిచేసేవాళ్లకీ తాపీవాళ్లకీ ఇది మామూలేనని తర్వాత చెప్పింది. "వచ్చినంతవరకు పంపిస్తాను. తిప్పి పంపితే మళ్లీ రండి, మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు."

పది రోజులకి తిప్పి పంపారు. ఎల్0008 అని కోడు, ముద్రల నాణ్యత వాడటానికి చాలదు అని పక్కన ఒక వాక్యం. వెస్ట్ వర్జీనియాలో క్లార్క్స్‌బర్గ్ అనే ఊళ్లో ఎఫ్‌బీఐ వాళ్ల కేంద్రం ఉంది, ముద్రలన్నీ అక్కడికే వెళ్తాయి. అక్కడి కంప్యూటర్‌కి నా వేళ్లలో నేను కనిపించలేదు.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెబితే మా అమ్మ పెద్దగా నవ్వింది. అమ్మకి రేషన్ షాపులో ఇది ప్రతి నెలా ఉన్న గొడవే. మాది ఒంగోలు దగ్గర పల్లె, ముప్పై ఏళ్లు పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు గ్రేడింగు చేసిన వేళ్లు ఆవిడవి. ఆ వేళ్లని ఈ-పాస్ మిషన్ ఒప్పుకోదు. ఒక వేలు కాకపోతే ఇంకోటి, తడిపి ఒకసారి, కొంగుతో తుడిచి ఒకసారి. ఒక నెలలో వీఆర్వో వచ్చి ఆయన వేలు వేస్తే గానీ బియ్యం ఇవ్వలేదు. "నీకూ ఎవరన్నా వీఆర్వో వచ్చి వేలు వేస్తాడేమో అడగరా," అంది. హేళన కాదు, నిజంగానే అడిగింది.

మా తాత నిశాని వేసేవాడు. పొలం కాగితాల మీద ఆయన ఎడమ బొటనవేలి గుర్తు ఇప్పటికీ ఉంది, నీలం సిరాలో, ఒక్క గీత కూడా చెరగకుండా. నాన్న సంతకం నేర్చుకున్న రోజు ఊళ్లో చెప్పుకుని తిరిగాడట. మన దగ్గర వేలిముద్రగాడంటే చదువు రానివాడని అర్థం, తిట్టు కూడా. ఎం.ఎస్. చదివి, సాక్ష్యాలు తీసే ఉద్యోగంలో చేరి, నేను మళ్లీ తాత దగ్గరికే వచ్చి, ఆయన వేసినంత బాగా కూడా వేయలేకపోయాను.

అన్నట్టు, ఈ తలనొప్పికి పుట్టిల్లు కూడా మన దేశమే. 1858లో బెంగాల్‌లో హెర్షెల్ అనే తెల్లదొర ఒక కాంట్రాక్టరు మాట తప్పకుండా ఉండాలని ఒప్పంద పత్రం వెనక అతని అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలని వర్గీకరించే పద్ధతికి హెన్రీ అనే పోలీసు అధికారి పేరు వచ్చింది గానీ, దాని వెనక లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ ఉద్యోగులు. కంప్యూటర్లు వచ్చేదాకా ఎఫ్‌బీఐ కూడా ఆ హెన్రీ పద్ధతి మీద కట్టుకున్న వర్గీకరణతోనే కార్డులు సర్దుకుంది. ఇది మా ఓనర్‌కి చెబితే, "ఆ ఇద్దరి పేర్లు పోలీసు అకాడమీలో మాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

రెండోసారికి రెండు వారాలు ఆగి వెళ్లాను. రోజూ రాత్రి కొబ్బరినూనె రాసుకుని చేతులకి సాక్స్ తొడుక్కుని పడుకున్నాను. మా ఆవిడ ఫోటో తీసి చెల్లెలికి పంపింది. గిన్నెలు తోమడం నుంచి డాక్టరు చీటీ లేకుండానే సెలవు దొరికింది. అయినా రెండోసారీ తిరిగొచ్చింది, అదే కోడు.

అప్పుడు తెలిసింది, మా అమ్మ చెప్పిన వీఆర్వో లాంటి ఏర్పాటు ఇక్కడా ఉందని. నాణ్యత చాలక రెండుసార్లు తిరిగొస్తే, ఇక వేళ్లు వదిలేసి పేరు మీద వెతకమని డీపీఎస్ ఎఫ్‌బీఐని అడుగుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఆడో మగో, ఇంకొన్ని వివరాలు. వేళ్ల బదులు పేరు సాక్ష్యం చెబుతుంది.

ఇది విని ఆఫీసు ఆవిడ "ఇక తేలికే" అంది. నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ పేరు ప్రపంచంలో ఎంతమందికి ఉందో తెలియదు గానీ, నా పేరుతో, అందులోని వెంకటతో, జూన్ 1తో, ఈ దేశంలో ఎంతమంది ఉంటారో నేను ఊహించగలను. మా హెడ్మాస్టరు గారు ఒక్కరే పదుల మందిని ఆ రోజు పుట్టించారు. జిల్లాకి ఎందరు హెడ్మాస్టర్లు! వాళ్లలో ఒక్కడు ఏ రాష్ట్రంలోనో తాగి కారు నడిపి దొరికినా, ఆ అరెస్టు నా అలియాస్‌లలో ఏదో ఒకదానికి అంటుకోవచ్చు. అంటుకుంటే అది నాది కాదని నిరూపించుకోవాలి. దేనితో? వేలిముద్రలతో. ఆ రాత్రి ఇది తట్టి ఒక్కణ్నే నవ్వుకున్నాను.

ఆఫీసులో కేబుళ్లకి లేబుళ్లు అయిపోయాయి. పద్ధతుల ఫైలు రెండుసార్లు చదివాను. ఏ హార్డ్ డిస్క్ వచ్చినా ముందు రైట్ బ్లాకర్‌కి తగిలిస్తాం, దాని మీద ఒక్క అక్షరం కూడా పొరపాటున రాయకుండా. తర్వాత మొత్తం కాపీ తీసి హాష్ లెక్కిస్తాం. అది డిస్క్‌కి వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క బిట్ మారినా హాష్ మొత్తం మారిపోతుంది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో ఫారం మీద రాసి సంతకాలు పెడతాం. ఎప్పటికైనా అవతలి లాయరు లేచి "ఇది ఆ డిస్కేనని నమ్మకమేమిటి?" అని అడుగుతాడు, ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా.

ఆరో వారంలో ఓనర్ తన గదిలోకి పిలిచాడు. డీపీఎస్ నుంచి ఏదో వచ్చిందనుకున్నాను.

రాష్ట్రం చేసే చెకింగు ఒకటైతే, కంపెనీ చేసుకునేది వేరే. చేరేటప్పుడు నేను ఒక ఫారం నింపాను, చదువూ ఉద్యోగాలూ నెలలతో సహా. బయటి సంస్థతో చెక్ చేయించడానికి విడిగా ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాను, ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం ఆ సమ్మతి లేకుండా చేయించకూడదు. ఆ ఫారంలో నేను నిజమే రాశాను. 2006లో బీటెక్. ఏడాది అమీర్‌పేటలో కోర్సులు. 2007 ఆగస్టులో ఎం.ఎస్. 2009లో మొదటి ఉద్యోగం.

బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి నా ఫారం. రెండోది 2009 నాటి నా రెజ్యూమే. అందులో నేను 2004 నుంచి 2007 దాకా హైదరాబాద్‌లో ఒక బ్యాంకింగ్ ప్రాజెక్టులో టెస్ట్ ఇంజనీరుని. 2004లో నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను.

"వీటిలో ఒకటి అబద్ధం," అన్నాడు. "ఏదో నువ్వే చెప్పు."

చెప్పాను.

"ఎవరు రాశారు?"

"కన్సల్టెన్సీ వాళ్లు. అప్పుడు మాంద్యం. ఫ్రెషర్ అంటే ఇంటర్వ్యూ కూడా ఇచ్చేవాళ్లు కాదు."

"పేరు ఎవరిది?"

"నాదే."

మామూలుగా ఇక్కడ మనవాళ్లం చెప్పుకునే మాట ఒకటుంది, అందరూ చేశారు అని. నిజమే, నాతో పాటు, ఉద్యోగం వెతికిపెట్టే ఆ కన్సల్టెన్సీవాళ్ల గెస్ట్‌హౌస్‌లో ఉన్న ఏడుగురికీ అలాగే మూడేళ్లు కలిపారు. ఒకడికి ఐదు కలిపారు, వాడు మమ్మల్ని సీనియర్‌లా ఏడిపించేవాడు. పదిహేనేళ్లు ఆ మాటని దిండులా పెట్టుకుని పడుకున్నాను. ఆ గదిలో అది ఇంగ్లీషులో కాదు కదా, తెలుగులో కూడా నోటికి రాలేదు.

ఎలా దొరికిందని అడిగాను. ఒక జాబ్ సైటులో ఇంకా ఉందట. కంపెనీలు రెజ్యూమేలు వెతుక్కునే అకౌంటు ఆయనకి ఉంది. ఒక సాయంత్రం, పది నిమిషాలు పట్టిందన్నాడు. డీపీఎస్, ఎఫ్‌బీఐ కలిసి ఆరు వారాలుగా వెతుకుతున్నది వేరే సంగతి: నేనెప్పుడైనా అరెస్టయ్యానా. నేనెలాంటివాణ్ని అన్నది వాళ్లు అడగలేదు, అడగడం వాళ్ల పనీ కాదు.

"ఇది నేరమని పిలవలేదు నిన్ను," అన్నాడు ఓనర్. "రేపు నువ్వు ఒక రిపోర్టు మీద సంతకం పెడతావు. అవతలి లాయరు దగ్గర కూడా నాలాంటివాడు ఒకడు ఉంటాడు. వాడు నేను వెతికినట్టే వెతుకుతాడు. నిన్ను బోనెక్కించి ఈ కాగితం జ్యూరీకి చూపిస్తాడు. నీ రెజ్యూమేలో తేదీలు మార్చినవాడివి, ఈ ఫోన్లో తేదీలు మార్చలేదని ఎలా నమ్మాలి అంటాడు. అప్పుడు పోయేది నువ్వొక్కడివే కాదు, నా క్లయింటు."

ఉద్యోగం తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. ఫారంలో నిజం రాశావు కాబట్టి ఇక్కడ కూర్చున్నావు అన్నాడు. జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి, సంతకం పెట్టి ఇమ్మన్నాడు. అది నా ఫైల్లో ఉంటుంది. ఎప్పుడైనా కోర్టులో అడిగితే దాచలేదని చూపించడానికి. ఏడాది దాకా రిపోర్టుల మీద నా సంతకం ఉండదు, పని చేస్తాను, సంతకం ఇంకొకరు పెడతారు. ఆ పేజీ రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మొదటి రెండు రోజుల డ్రాఫ్టుల్లో కన్సల్టెన్సీ అన్న మాట ప్రతి వాక్యంలోనూ ఉంది. మూడో రోజు ఒక్కసారే మిగిలింది.

మా ఆవిడకి చెప్పాను. "ఇన్నాళ్లూ నాకు ఆ మూడేళ్లు నిజమేనేమో అనుకున్నా," అంది. పెళ్లిచూపులకి మా వాళ్లు వాళ్లింటికి పంపిన బయోడేటాలో కూడా అదే ఉందట. ఆ సంగతి నేను మర్చిపోయాను. మా మామగారు మా ఊళ్లో వాకబు చేయించారు, పొలం ఎంత, అప్పులున్నాయా, అబ్బాయికి అలవాట్లేమిటి అని. ఉద్యోగం గురించి మాత్రం అమెరికా కదా అని ఎవర్నీ అడగలేదు.

ఏడో వారం మధ్యలో, కాఫీ తెచ్చుకుని టాప్స్ తెరిస్తే స్టేటస్ మారి ఉంది. యాక్టివ్. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. వెంకటలెవరూ నా మీదికి రాలేదు. నేను ఇచ్చిన ముద్రలు, బాగోలేకపోయినా సరే, డీపీఎస్ దగ్గర ఉండిపోతాయని సంతకం పెట్టిన కాగితంలో ఉంది. రేపెప్పుడైనా ఈ రాష్ట్రంలో అరెస్టయితే లైసెన్స్ విభాగానికి కబురు వెళ్తుంది. రెండేళ్లకి రెన్యువల్. ఆ సైటులో ఎవరైనా నా పేరు కొట్టి లైసెన్స్ ఉందో లేదో చూసుకోవచ్చు. నేనే కొట్టి చూసుకున్నాను, ఐదు అలియాస్‌లతోనూ. ఒక్కదానికే పలికింది.

నాన్నకి ఫోన్ చేశాను. "ఇంతకీ నీ మీద ఏం తేలింది?" అన్నాడు.

"ఏమీ తేలలేదు నాన్నా."

"తేలడానికి ఏముందిలే," అన్నాడు.

ఇప్పుడు వేళ్ల మీద గీతలు మళ్లీ వచ్చాయి. గ్రోసరీ మానేసి కొన్ని నెలలైంది కదా, ఫోన్ లాక్ కూడా మొదటిసారికే తెరుచుకుంటోంది. మొన్న ఖాళీగా ఉన్నప్పుడు ఆ జాబ్ సైటులో పాత రెజ్యూమే తీసేద్దామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ మార్చాలంటే పాత మెయిల్‌కి కోడు పంపుతామంది. ఆ మెయిల్ నాది కాదు, నా రెజ్యూమే కంపెనీలకి పంపడానికి కన్సల్టెన్సీవాళ్లు నా పేరు మీద తెరిచింది. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉండేది. ఆ కన్సల్టెన్సీ మూసేసి చాలా ఏళ్లయింది. సైటువాళ్లకి మెయిల్ పెడితే, ఆ అకౌంటు మీదేనని నిరూపించడానికి ఏదైనా గుర్తింపు పత్రం పంపమన్నారు. పంపాను. పేరు కలవలేదని జవాబొచ్చింది. ఆ అకౌంటులో ఉన్నది ఎఫ్‌ఎన్‌యూ.